పాత స్టీరియో ఆంప్లిఫయర్‌ బాగుచేయడం ఎలా: బేస్ ఎక్కడ పోతుంది, ఎక్కడ తిరిగొస్తుంది

ఏళ్ల తరబడి అటక మీద పడి ఉన్న స్టీరియో ఆంప్లిఫయర్ చేతికి దొరికితే, ప్లగ్గు పెట్టి ఒక్క పాట వినేదాకా మనసు ఊరుకోదు. విన్నాక వచ్చే మొదటి మాట కూడా దాదాపు అందరిదీ ఒకటే: "సౌండ్ బాగానే ఉంది గానీ బేస్ లేదు." ఇక అక్కణ్నుంచి కనిపించిన కెపాసిటర్‌నల్లా పీకేసి, దాని చోట రెట్టింపుది వేసేద్దామన్న ఆత్రం మొదలవుతుంది. నేనూ అలాగే మొదలుపెట్టాను. దాని ఫలితం ఏమైందో కిందెక్కడో చెప్తాను.

ఈ పని రెండు భాగాలు. సెట్టు ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజు ఎలా ఉందో ముందు అక్కడికి తేవాలి. బేస్ కోసం మార్పులు ఆ తర్వాతే, అవీ ఒక్కొక్కటిగా. వరస తప్పితే వచ్చిన తేడా రిపేరు వల్ల వచ్చిందో, మార్పు వల్ల వచ్చిందో మీకే తెలియదు. నేను చెప్పేదంతా 1970ల నుంచి 80ల మొదటిదాకా వచ్చిన ట్రాన్సిస్టర్ సెట్ల గురించి. వాల్వ్ సెట్లలో వందల వోల్టులు ఉంటాయి. వాటి జోలికి ఇది చదివి వెళ్లొద్దు.

ప్లగ్గు పెట్టకముందు

వెనక ప్లేటు మీద వోల్టేజ్ ఎంత రాసుందో చూడండి. జపాన్‌లో అమ్మకానికి చేసిన సెట్లు 100 వోల్టులవి. వాటిని నేరుగా 230 వోల్టుల సాకెట్‌లో పెడితే ఇక బాగుచేయడానికి ఏమీ మిగలదు. కొన్నింటికి వోల్టేజ్ మార్చుకునే సెలెక్టర్ ఉంటుంది, అది సరైన చోట ఉందో లేదో కూడా చూడండి. ఫ్యూజు బయటికి తీసి, దాని మీది అంకె సెట్టు మీద రాసిన అంకెతో సరిపోతుందా చూడండి. ఫ్యూజు చోట రాగి తీగ చుట్టి ఉందంటే, మీకంటే ముందు ఎవరో ఈ సెట్టుతో చాలా కుస్తీ పట్టారని అర్థం; లోపల ఇంకా ఏం చేశారో అనుమానంతోనే చూడాలి.

మూత తీశాక, ఏదీ ముట్టుకోకముందు నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకోండి. ఏ వైరు ఎక్కడికి పోతుందో గుర్తుంటుందిలే అనుకుంటాం, ఉండదు. కెపాసిటర్ల తలలు ఉబ్బాయా, రెసిస్టర్లు నల్లబడ్డాయా, బోర్డు మీద ఎక్కడైనా కమిలిన మచ్చ ఉందా చూడండి. పెద్ద కెపాసిటర్ల కాళ్ల దగ్గర గోధుమరంగులో గట్టిపడిన పదార్థం కనిపిస్తే అది లీకేజీయే అనుకోనక్కర్లేదు. అవి కదలకుండా ఫ్యాక్టరీలో పూసిన జిగురు అది. అయితే ఆ కాలపు జిగురుల్లో కొన్ని ముదురు రంగుకి తిరిగేసరికి పక్కనున్న కాళ్లను తినేస్తాయి, కరెంటును కూడా పారనిస్తాయి. ప్లాస్టిక్ పుల్లతో మెల్లగా గీకి తీసేయండి.

ఇక పవర్ సప్లైలో డీసీని నున్నగా చేసే పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లు. ప్లగ్గు తీసి ఉన్నా వాటిలో చార్జ్ మిగిలి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి టప్‌మనిపించడం కొందరికి సరదా, కెపాసిటర్‌కి మాత్రం శిక్ష. 220 ఓమ్‌లు, 5 వాట్ల రెసిస్టర్ ఒకటి ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో రెండు కాళ్ల మధ్య పదిహేను సెకన్లు పెట్టి, ఆ తర్వాత మల్టీమీటర్‌తో కొలవండి. ఒక వోల్టు కంటే తగ్గాకే లోపల చెయ్యి పెట్టాలి.

మొదటిసారి కరెంటు నేరుగా ఇవ్వొద్దు. మెయిన్స్ లైన్లో వరసగా ఒక 60 లేదా 100 వాట్ల పాతరకం ఫిలమెంట్ బల్బు పెట్టి, దాని ద్వారా ఇవ్వండి. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు. స్విచ్ వేయగానే బల్బు ఒక్క క్షణం బాగా వెలిగి, కెపాసిటర్లు నిండేకొద్దీ డల్ అయిపోతే లోపల షార్ట్ లేనట్టే. వెలుగు తగ్గకపోతే వెంటనే ఆపేయండి. ఎక్కడో అవుట్‌పుట్ ట్రాన్సిస్టరో, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయరో పోయింది. ఈ పరీక్షంతా స్పీకర్లు కలపకుండానే చేయాలి.

బల్బు పరీక్ష పాసైతే స్పీకర్ టెర్మినళ్ల దగ్గర డీసీ వోల్టేజ్ కొలవండి. రెండు చానళ్లలోనూ 50 మిల్లీవోల్టుల లోపుంటే నిశ్చింత. వోల్టుల్లో కనిపిస్తే అది తేలేదాకా స్పీకర్ కలపొద్దు, వూఫర్ (బేస్ పలికే పెద్ద స్పీకర్) కాయిల్ కాలిపోతుంది. సెట్టులో ప్రొటెక్షన్ రిలే (అంతా సరిగ్గా ఉంటేనే స్పీకర్లను కలిపే స్విచ్) ఉంటే కొన్ని సెకన్లకు టిక్‌మంటుంది. అనకపోతే, డీసీ ఉందని అదే మీకు చెప్తోందేమో చూడండి. రిలేని బైపాస్ చేసి "పని చేస్తోంది" అనుకున్నవాళ్లు తర్వాత వూఫర్లు వెతుక్కున్నారు.

పైసా ఖర్చు లేని బేస్

టంకం వేడెక్కించేముందు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. తప్పిపోయిన బేస్ ఒక్కోసారి వీటితోనే దొరుకుతుంది.

మొదటిది స్పీకర్ వైర్లు. ఒక స్పీకర్‌కి ప్లస్సు మైనస్సు తిరగబడితే ఒక కోన్ ముందుకొస్తున్నప్పుడు రెండోది వెనక్కి పోతుంది. పొడవైన తరంగాలు గాల్లోనే ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి, బేస్ మాయమవుతుంది. సెట్టు మోనోలో పెట్టి, రెండు స్పీకర్ల మధ్య కూర్చుని, ఒక్క స్పీకర్ వైర్లను మాత్రం తిరగేసి చూడండి. ఎటు పెడితే బేస్ ఎక్కువగా, గొంతు సరిగ్గా మధ్యలో వినిపిస్తుందో అదే సరైనది. 1.5 వోల్టుల బ్యాటరీని టెర్మినళ్లకు తాకించి కోన్ ముందుకొస్తుందో లేదో చూసే పద్ధతి కూడా ఉంది. కానీ పాత జేబీఎల్ వూఫర్లలో ఎర్ర టెర్మినల్‌కి ప్లస్సు ఇస్తే కోన్ లోపలికి పోతుంది, అది వాళ్ల పద్ధతి. వాటిని వేరే కంపెనీ వాటితో కలిపి వాడేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

రెండోది స్విచ్చులు, నాబ్‌లు. చిలుము పట్టిన కాంటాక్టు ఒక చానల్‌ని బలహీనం చేస్తుంది, గరగరమంటుంది. ఎలక్ట్రానిక్స్ కోసం చేసిన కాంటాక్ట్ క్లీనరే వాడండి, తలుపు బందులకు కొట్టే స్ప్రే వద్దు. వాల్యూమ్ పాట్ (నాబ్‌తో తిరిగే రెసిస్టర్) వెనక ఉన్న సందులోంచి ఒక్క చిన్న చిలకరింపు చాలు. తర్వాత నాబ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు ఇరవై, ముప్పైసార్లు తిప్పండి. టేప్ మానిటర్, మోనో, లౌడ్‌నెస్ స్విచ్చులకూ అదే వైద్యం. వెనక ప్రీ అవుట్, మెయిన్ ఇన్ సాకెట్ల మధ్య (ముందు భాగం నుంచి పవర్ భాగానికి సిగ్నల్ దాటించే) లోహపు జంపర్లు ఉంటే వాటిని పీకి, మెరిసేలా తుడిచి మళ్లీ పెట్టండి. "ఒక చానల్ చచ్చిపోయింది" అని తెచ్చిన సెట్టు ఆ జంపర్లు తుడవగానే లేచి కూర్చోవడం నేను చూశాను.

కెపాసిటర్లు మార్చడం

ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ లోపల ద్రవం ఉంటుంది. అది దశాబ్దాలపాటు వేడికి ఆరిపోతూ వస్తుంది. దాంతో కెపాసిటీ తగ్గుతుంది, లోపలి నిరోధం పెరుగుతుంది. సిగ్నల్ దారిలో ఉన్న కెపాసిటర్ డీసీని ఆపి ఆడియోని వదులుతుంది కదా, దాని కెపాసిటీ తగ్గేకొద్దీ కిందిస్థాయి ఫ్రీక్వెన్సీలను కూడా ఆపడం మొదలుపెడుతుంది. పాత సెట్టు బేస్ సన్నబడిపోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

ఎంత తగ్గిందో నోటి లెక్కలోనే తేల్చుకోవచ్చు. కెపాసిటర్ విలువ మైక్రోఫారడ్‌లలో, దాని తర్వాతి రెసిస్టర్ విలువ కిలో ఓమ్‌లలో తీసుకుని రెంటినీ గుణించండి. 159ని ఆ వచ్చినదానితో భాగించండి. వచ్చే అంకె హెర్ట్జ్‌లలో కటాఫ్. అంటే అక్కడ సిగ్నల్ 3 డెసిబెల్స్ తగ్గుతుంది. 1 మైక్రోఫారడ్, 47 కిలో ఓమ్‌లైతే 3.4 హెర్ట్జ్. అంత కిందకి చెవికి ఏమీ వినపడదు గనక బేస్‌కి ఢోకా లేదు. అదే కెపాసిటర్ ఎండిపోయి పదో వంతుకి పడిపోతే కటాఫ్ 34 హెర్ట్జ్‌కి ఎగబాకుతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. సెట్టులో ఇలాంటి కెపాసిటర్ ఒక్కటే ఉండదు, వరసగా మూడు నాలుగు ఉంటాయి. ఒక్కోటీ 10 హెర్ట్జ్ దగ్గర కోసేవి మూడు వరసలో ఉంటే, మొత్తం మీద కోత 10 దగ్గర కాదు, దాదాపు 20 హెర్ట్జ్ దగ్గర మొదలైనట్టు లెక్క. ఒక్కటి విడిగా చూస్తే పర్వాలేదనిపిస్తుంది, అన్నీ కలిశాక తెలుస్తుంది. అందుకే ఒక్క కెపాసిటర్ మార్చి "తేడా లేదే" అని నిరుత్సాహపడొద్దు.

ఇక పని. ఒక చానల్ మాత్రమే ముందు మార్చండి. రెండోది పాతదే ఉంచితే, మోనోలో బ్యాలెన్స్ నాబ్ అటూ ఇటూ తిప్పి కొత్తదాన్నీ పాతదాన్నీ పక్కపక్కన వినొచ్చు. ఎక్కడైనా వైరు మర్చిపోతే చూసుకోడానికి పక్కనే నమూనా కూడా ఉంటుంది. ప్రతి కెపాసిటర్‌కీ బోర్డు మీద నంబరు, విలువ, వోల్టేజ్, ప్లస్సు ఎటుందో కాగితం మీద రాసుకోండి. కొత్తవి అదే కెపాసిటీవి, వోల్టేజ్ అంతే లేదా ఎక్కువ, 105 డిగ్రీల వేడి తట్టుకునేవి తీసుకోండి. 1 మైక్రోఫారడ్, అంతకంటే చిన్న ఎలక్ట్రోలిటిక్‌ల చోట అదే విలువ ఫిల్మ్ కెపాసిటర్లు వేసుకోవచ్చు, అవి ఎండిపోవు. బైపోలార్ (ప్లస్సు మైనస్సు తేడా లేనిది) అని రాసిన చోట బైపోలారే వేయాలి.

పాత బోర్డుల రాగి పొర అంటుకుని ఉన్నది పాత జిగురుతో. వేడి ఎక్కువసేపు తగిలితే ఆ రాగి గీత ఉల్లిపొరలా లేచి వచ్చేస్తుంది, గుండె జారిపోతుంది. దీనికి చిట్కా ఏమిటంటే, ముందు పాత టంకం మీదే కాస్త కొత్త టంకం కరిగించండి. అప్పుడు పాతది కూడా చటుక్కున పారుతుంది, సకర్‌తో (కరిగిన టంకాన్ని పీల్చే పంపు) లాగేయొచ్చు. వేడి ఎంతుండాలో ఎంచుకోగల సోల్డరింగ్ ఐరన్ అయితే 350 డిగ్రీల దగ్గర పెట్టి, ఒక కాలు మీద రెండు మూడు సెకన్లకు మించి ఆనించకండి. ఊడి రాకపోతే లాగొద్దు. చల్లారనిచ్చి మళ్లీ ప్రయత్నించండి.

ప్లస్సు మైనస్సుల దగ్గర నేను తిన్న దెబ్బ ఒకటి చెప్పాలి. అల్యూమినియం ఎలక్ట్రోలిటిక్ మీద ఉండే చార మైనస్ కాలిని చూపిస్తుంది. టాంటలమ్ కెపాసిటర్ మీద ఉండే గుర్తు ప్లస్ కాలిది. చేతికి చార అలవాటైపోయి, బఠాణీ గింజంత టాంటలమ్‌ను తిరగేసి పెట్టేశాను. స్విచ్ వేసిన రెండో సెకనులో చిటుక్కుమని నిప్పురవ్వ, ఆపైన గది నిండా పొగ కంపు. బోర్డుల మీది గుర్తులు కూడా ఒక తీరుగా ఉండవు: కొన్ని ప్లస్సును రాస్తాయి, కొన్ని మైనస్ వైపు సగం వృత్తం నింపుతాయి. పాతది పీకేముందు రాసుకున్న కాగితమే మీకు దిక్కు.

ట్రాన్సిస్టర్లు పని చేస్తున్నంతవరకూ వదిలేయండి. వాల్యూమ్ సున్నాలో పెట్టినా చిటపటలు వినిపిస్తుంటే అప్పుడు అనుమానించాలి. 2ఎస్‌సీ458 లాంటి కొన్ని పాత నంబర్లకి వయసు మీదపడ్డాక ఈ జబ్బు ఎక్కువ. మార్చేటప్పుడు కొత్తదాని కాళ్ల వరస డేటాషీట్‌లో చూసుకోండి, ఆకారం ఒకటైనా వరస వేరే కావచ్చు.

అంతా అయ్యాక మళ్లీ బల్బు పరీక్ష, మళ్లీ డీసీ కొలత, ఆపైన ఐడిల్ కరెంట్ (పాట లేనప్పుడు కూడా అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో పారే కరెంటు) సరిచేయడం. ఇది అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల ఎమిటర్ రెసిస్టర్ మీద పడే వోల్టేజ్‌తో తెలుస్తుంది. 0.47 ఓమ్‌ల మీద 10 మిల్లీవోల్టులుంటే 21 మిల్లీ ఆంపియర్లు పారుతున్నట్టు. ఎంత ఉండాలో మీ సెట్టు సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. వేరే సెట్టు అంకె దీనికి పెట్టొద్దు. బల్బు తీసేసి, సెట్టు ఇరవై నిమిషాలు వేడెక్కాక, బోర్డు మీద దీన్ని సరిచేసే చిన్న ట్రిమ్మర్‌ను స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి చొప్పున తిప్పండి. ఆ పాత ట్రిమ్మర్ తిప్పుతుంటే మీటర్ అంకె ఎగిరెగిరి పడితే దాన్ని మార్చేయడం మంచిది. కొత్తది పెట్టేటప్పుడు కరెంటు అతి తక్కువ ఉండే స్థానంలో పెట్టి మొదలుపెట్టండి.

చెవిని నమ్మకుండా కొలవండి

కొత్త కెపాసిటర్లు వేసిన రాత్రి ఏ సెట్టయినా అద్భుతంగానే వినిపిస్తుంది. పడిన కష్టం చెవుల్లో కూర్చుంటుంది. అందుకే కొలవాలి. ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు.

ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి ఆక్స్ ఇన్‌పుట్‌కి కలపండి. బేస్, ట్రెబుల్ నాబ్‌లు నడిమధ్యలో ఉండాలి, లౌడ్‌నెస్, సబ్‌సోనిక్ (వినపడని అడుగు ఫ్రీక్వెన్సీలను కోసేది) స్విచ్చులు ఆఫ్‌లో ఉండాలి. స్పీకర్ల చోట 8 ఓమ్‌ల పెద్ద వాటేజ్ రెసిస్టర్ పెడితే మేలు. 200 హెర్ట్జ్ ఇచ్చి, అవుట్‌పుట్ ఏసీ 2 వోల్టులు వచ్చేలా వాల్యూమ్ పెట్టి, ఇక దాన్ని ముట్టుకోకండి. ఆ తర్వాత 100, 50, 30, 20 హెర్ట్జ్ ఇస్తూ ప్రతిసారీ అవుట్‌పుట్‌తో పాటు ఇన్‌పుట్‌ను కూడా కొలవండి. మామూలు మల్టీమీటర్లు 40 హెర్ట్జ్ కింద తప్పు చూపించొచ్చు, ఫోన్ కూడా బేస్‌ను కాస్త తగ్గించొచ్చు. అయినా అవుట్‌పుట్‌ను ఇన్‌పుట్‌తో భాగిస్తే ఆ రెండు తప్పులూ కొట్టుకుపోతాయి. 200 దగ్గర వచ్చిన నిష్పత్తి ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర 0.7 వంతుకి దిగితే అదే మీ 3 డెసిబెల్స్ గీత. ఉదాహరణకి ఇన్‌పుట్ మారకుండా ఉంటే 2 వోల్టులు 1.41 అయిన చోటు.

లౌడ్‌నెస్ ఆఫ్ చేయమన్నాను కదా, ఆ స్విచ్ ఏం చేస్తుందో కూడా చెప్తాను. సౌండ్ తగ్గేకొద్దీ మన చెవికి బేస్ మరీ ఎక్కువగా తగ్గినట్టు వినిపిస్తుంది. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. తక్కువ వాల్యూమ్‌లో ఆ లోటు పూడ్చడానికే లౌడ్‌నెస్. రాత్రిపూట మెల్లగా వినేవాళ్లకి కావలసిన "బేస్ మార్పు" ఈ స్విచ్ నొక్కడమే కావొచ్చు.

ఇప్పుడు బేస్ జోలికి

కొలత 20 హెర్ట్జ్ దాకా తగ్గకుండా సమంగా వస్తే ఆంప్లిఫయర్‌లో బేస్ కోసం చేయాల్సింది ఏమీ లేదు. నేరుగా స్పీకర్ల దగ్గరికి వెళ్లిపోండి. రాకపోతే ఎక్కడ కోస్తోందో సర్క్యూట్ పటంలో ఇన్‌పుట్ నుంచి వరసగా లెక్కవేసుకుంటూ రండి.

మార్పు నిజంగా వినిపించే చోటు ఒకటుంది: సింగిల్ సప్లై (ప్లస్సు, మైనస్సు రెండు కాకుండా ఒక్క వోల్టేజ్) మీద నడిచే చిన్న సెట్లలో స్పీకర్‌కి వరసగా ఉండే అవుట్‌పుట్ కెపాసిటర్. అది 1000 మైక్రోఫారడ్‌లైతే 8 ఓమ్‌ల స్పీకర్‌తో కటాఫ్ 20 హెర్ట్జ్. అదే సెట్టుకి 4 ఓమ్‌ల స్పీకర్ కలిపితే 40. 2200 వేస్తే అవి 9, 18కి దిగుతాయి. తేడా చెవికి తెలుస్తుంది. దీనికి మూల్యం ఏమిటంటే, స్విచ్ వేయగానే స్పీకర్‌లో వచ్చే ధబ్బు శబ్దం పెద్దదవుతుంది, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు ఆ కెపాసిటర్‌ను నింపే బరువు కూడా మోయాలి. రెట్టింపు దాకా సరే, అయిదింతలు వేయకండి.

ఇన్‌పుట్ కెపాసిటర్, ఫీడ్‌బ్యాక్ దారిలో (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపే దారి) గ్రౌండ్‌కి పోయే కెపాసిటర్ వేరే కథ. అసలు విలువలోనే కటాఫ్ 3, 4 హెర్ట్జ్ దగ్గరుంటే దాన్ని ఇంకా దించి సాధించేది లేదు. నా మొదటి సెట్టులో నేను చేసిన ఘనకార్యం ఇదే. ఇన్‌పుట్‌లో 1 మైక్రోఫారడ్ తీసి 10, ఫీడ్‌బ్యాక్‌లో 47 తీసి 470 వేశాను. కటాఫ్ 0.34 హెర్ట్జ్‌కి పోయింది. కాస్త వంకర తిరిగిన రికార్డు పెట్టి ముల్లు దించగానే వూఫర్ కోన్లు లోపలికీ బయటికీ ఊగడం మొదలుపెట్టాయి, శబ్దం ఏమీ లేకుండానే. ఆహా, ఎంత బేస్ అనుకున్నాను! పాట మొదలయ్యాక పాడేవాళ్ల గొంతు ఆ ఊపుకి వణుకుతుంటే గానీ తెలియలేదు. రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు, అంటే సెకనుకి సగం చుట్టు పైచిలుకు తిరుగుతుంది. దాని వంకర వల్ల పుట్టే ఆ నిదానపు ఊపును ఇదివరకు ఆంప్లిఫయర్ చాలావరకు ఆపేసేది. నేను గేటు తీసేశాను. పవర్ అంతా వినపడని ఊపుకే ఖర్చయిపోయి, వినాల్సిన డ్రమ్ముకి మిగల్లేదు.

అంటే డిజైనర్ కోసిన ప్రతిచోటా అతని పిసినారితనం ఉండదు. 1978లో వచ్చిన నాడ్ 3020 ఆంప్లిఫయర్ వెనక చూస్తే పవర్ ఆంప్‌కి నార్మల్ అనీ, ల్యాబ్ అనీ రెండు ఇన్‌పుట్‌లు కనిపిస్తాయి. నార్మల్ దారిలో వినికిడికి అవతల ఉన్నదాన్ని కోసే ఫిల్టర్ ఉంటుంది. కావాలనే పెట్టారు. ఫోనో స్టేజ్‌లో (రికార్డు ప్లేయర్ సిగ్నల్‌ను పెంచే భాగం) అయితే ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. రికార్డు చెక్కేటప్పుడు తగ్గించిన బేస్‌ను ఆర్‌ఐఏఏ ఈక్వలైజేషన్ (రికార్డులకి ప్రమాణంగా పెట్టుకున్న సవరణ) తిరిగి పెంచుతుంది: 1000 హెర్ట్జ్‌తో పోలిస్తే 20 హెర్ట్జ్‌ను తొమ్మిది రెట్లకు పైగా. అక్కడి చిన్న కెపాసిటర్లు, రెసిస్టర్ల విలువలు 3180, 318, 75 మైక్రోసెకన్ల లెక్కకి కట్టుబడి ఉంటాయి. వాటిని మార్చాల్సి వస్తే అచ్చంగా అవే విలువలు, వీలైతే 1 శాతం తేడాలోపు ఉన్నవి వేయండి. అక్కడ "మెరుగు" అనేది లేదు.

మిగిలింది పవర్ సప్లై. పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లు వేస్తే బేస్ "బిగుస్తుంది" అని చాలామంది గట్టిగా నమ్ముతారు. లెక్క చూద్దాం. 50 హెర్ట్జ్ మెయిన్స్ మీద, ఒక రెయిల్ (సప్లై లైను) నుంచి 3 ఆంపియర్లు లాగుతుంటే, 10,000 మైక్రోఫారడ్‌ల మీద రిపుల్, అంటే డీసీలో మిగిలే ఎగుడుదిగుడు, సుమారు 3 వోల్టులు. అది ఎండి 5,000కి దిగితే 6 వోల్టులు. కొత్త 10,000 వేస్తే ఆ 3 వోల్టులు తిరిగొస్తాయి. గట్టిగా పెట్టినప్పుడు డ్రమ్ము దెబ్బ చిట్లకుండా ఉంటుంది, హమ్ కూడా తగ్గుతుంది. 15,000 వేస్తే అదనంగా వచ్చేది ఒక్క వోల్టు. ఆ వోల్టు కోసం రెక్టిఫయర్, ట్రాన్స్‌ఫార్మర్ మీద పడే కరెంటు కుదుపులు పెరుగుతాయి, స్విచ్ వేసినప్పుడు ఫ్యూజు కొట్టేయొచ్చు. అసలు విలువకి ఒకటిన్నర రెట్లు దాటడం నాకు ఇష్టం ఉండదు.

ఆప్ ఆంప్ ఐసీలు (సిగ్నల్‌ను పెంచే చిన్న చిప్పులు) మార్చి బేస్ తెచ్చుకోవాలనుకునేవాళ్లకి ఒక్క మాట: ఆ 4558లు 20 హెర్ట్జ్ దగ్గర ఏమీ ఇబ్బంది పడవు. వేగంగా పనిచేసే కొత్త ఐసీ పెడితే పాత బోర్డు మీద అది ఆసిలేట్ అయ్యే (తనంతట తానే సిగ్నల్ పుట్టించే) ప్రమాదమే ఎక్కువ.

స్పీకర్లు

1970ల వూఫర్ అంచున ఫోమ్ ఉంటే వేలితో మెల్లగా తాకండి. చేతికి బూడిదలా రాలితే బేస్ ఎక్కడికి పోయిందో వెతకనక్కర్లేదు. చినిగిన అంచుతో వాయించొద్దు, కాయిల్ గాడిలో ఒరుసుకుని పోతుంది. కొత్త ఫోమ్ ఆ వూఫర్ మోడల్ కోసమే చేసినది తీసుకోండి. ఫోమ్ చోట రబ్బరు అంచు వేస్తే బరువు, బిగువు రెండూ మారిపోయి, డబ్బా కొలతకీ వూఫర్‌కీ పొంతన పోతుంది. పాత జిగురు పూర్తిగా గీకి తీసి, కొత్తది అతికించాక ఆరేలోపు 20, 30 హెర్ట్జ్ టోన్ చిన్నగా ఇచ్చి కోన్ గరగరలేకుండా కదులుతోందా చూసుకుని సర్దండి. కొత్త ఫోమ్ మొదట కాస్త బిర్రుగా ఉంటుంది. బేస్ వదులు కావడానికి కొన్ని గంటల పాట పడుతుంది.

సీల్డ్ డబ్బా అయితే గాలి పోకుండా ఉండటమే దాని బేస్ రహస్యం. కోన్‌ను నాలుగు వేళ్లతో సమంగా లోపలికి నొక్కి వదలండి. మెల్లగా వెనక్కి వస్తే డబ్బా బిగుతుగా ఉంది. తటాలున వస్తే ఎక్కడో లీకుంది: వూఫర్ గాస్కెట్, టెర్మినల్ ప్లేటు, లెవెల్ నాబ్ కన్నాలు చూడండి. లోపలి దూదిని తీసేయడం, ఎక్కువ కుక్కడం రెండూ బేస్ తీరును మార్చేస్తాయి, ఉన్నంతే ఉంచండి. క్రాసోవర్‌లో (బేస్‌ను వూఫర్‌కీ, పైస్థాయిని చిన్న స్పీకర్లకీ పంచే సర్క్యూట్) కెపాసిటర్లు అదే విలువతో మార్చుకోవచ్చు. వూఫర్‌కి వరసగా ఉన్న ఇనప కోర్ కాయిల్‌ను మాత్రం, "ఎయిర్ కోర్ మేలట" అని సన్నతీగ ఎయిర్ కోర్ కాయిల్‌తో మార్చకండి. దాని తీగ నిరోధం ఎక్కువైతే వూఫర్ మీద ఆంప్లిఫయర్ పట్టు సడలి, బేస్ బరువుగా, ముద్దగా తయారవుతుంది.

ఇంకా బేస్ కావాలని నాబ్ తిప్పేముందు ఒక లెక్క చూసుకోండి. బేస్‌ను 10 డెసిబెల్స్ పెంచితే ఆ ఫ్రీక్వెన్సీలలో ఆంప్లిఫయర్ పదింతల పవర్ ఇవ్వాలి. అదే సౌండ్‌ను సగం ఫ్రీక్వెన్సీ దగ్గర వినాలంటే కోన్ నాలుగింతల దూరం కదలాలి: 40 హెర్ట్జ్ దగ్గర 2 మిల్లీమీటర్లు ఊగేది 20 దగ్గర 8. ఎనిమిది అంగుళాల పాత వూఫర్ అంత దూరం పోలేదు, ఏ కెపాసిటర్ వేసినా సరే. స్పీకర్‌ను గోడ దగ్గరికి, మూలకి జరిపి చూడండి. అది సర్క్యూట్‌లో మీరు చేసే చాలా మార్పులకంటే ఎక్కువ బేస్ ఇస్తుంది.

మూత బిగించేముందు సెట్టును రెండు మూడు గంటలు మెల్లగా వాయించి, డీసీ, ఐడిల్ కరెంట్ మళ్లీ కొలవండి. హీట్‌సింక్ మీద చెయ్యి పెట్టి ఉంచగలగాలి. మార్చిన కెపాసిటర్ల నంబర్లు, పాత విలువ, కొత్త విలువ, కొలిచిన అంకెలు, తేదీ ఒక చీటీ మీద రాసి మూతకి లోపలి వైపు అతికించండి. ఇంకో ఇరవై ఏళ్లకి దీన్ని విప్పేవాళ్లకి, బహుశా మీకే, మొదట కావలసింది అదే.